మీకు తెలుసా? వామనావతారం ఎత్తిన రేసు కార్లు!

హడ్సన్ హార్నెట్! 1950ల నాటి అమెరికా కారు. బరువు 1,600 కిలోల పైమాటే. దాన్ని అదే ఇనుముతో, అదే అద్దంతో 25వ వంతుకు కుదిస్తే ఎంత తూగుతుంది? 64 కిలోలు అనేశారా? కాదు! నూరు గ్రాములు! అవును, నూరే! పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 25వ వంతే కదా. 25ని మూడుసార్లు వేసి గుణించండి. 15,625 వస్తుంది! అన్నో వంతు బరువన్నమాట!

ఇలా కుదించిన పాత రేసు కార్లు ప్లాస్టిక్ ముక్కల కిట్‌గా పెట్టెలో వస్తాయి. మనమే అతికించుకోవాలి. ఏ పెట్టె కొనాలి? ఆగండి, ముందు ఈ సంగతులు వినండి!

1949 జూన్ 19. అమెరికాలోని షార్లెట్ ఊరు. మట్టి ట్రాక్. నాస్కార్ అనే రేసు సంస్థ వాళ్ల మొట్టమొదటి 'స్ట్రిక్ట్‌లీ స్టాక్' రేసు! దిగిన కార్లేవో తెలుసా? షోరూముల్లో అమ్మే మామూలు కార్లే! తలుపులు ఊడి తెరుచుకోకుండా బెల్టులతో కట్టేశారు! మొదట వచ్చిన ఫోర్డు కారును పక్కన పెట్టేశారు. ఎందుకో? వెనక స్ప్రింగులు మార్చారట! గెలుపు జిమ్ రోపర్ నడిపిన లింకన్‌కు దక్కింది. అంటే ఏమిటి? 1949 కారు చేయాలంటే ప్రత్యేకంగా రేసు కిట్టే అక్కర్లేదు! ఆ కాలపు ఇంటి కారు కిట్ కొనండి. తలుపు మీద నంబరు వేయండి. రేసు కారు రెడీ!

పెట్టె మీద మొదట చూడాల్సింది బొమ్మ కాదు. మూలన ఉన్న చిన్న అంకె! 1/24 అని ఉందా, 1/25 అని ఉందా? ఒక్క అంకె తేడాయే కదా అంటారా? 208 అంగుళాల హార్నెట్‌కు ఆ తేడా దాదాపు 9 మిల్లీమీటర్లు! ఒకదాని టైర్లు ఇంకోదానికి తగిలిస్తే కారు ట్రాక్టర్‌కు చుట్టమైపోతుంది! 1/24 లెక్క మాత్రం నోటితోనే చెప్పేయొచ్చు. అసలు కారులో అడుగు ఉంటే బొమ్మలో అరంగుళం. అంతే! అన్నట్టు, 3,079 అడుగుల మన నెల్లూరు జిల్లా ఉదయగిరి కొండను 1/25కు కుదిస్తే? 123 అడుగులు! అప్పుడైనా ఆయాసం లేకుండా ఎక్కేయొచ్చు!

ఇది వింటే నమ్మరు. రేసు కారులో కోతి! నిజం! 1953లో టిమ్ ఫ్లాక్ అనే డ్రైవరు తన హార్నెట్‌లో పక్కన కోతిని కూర్చోబెట్టుకున్నాడు! పేరు జాకో ఫ్లాకో. దానికి వేరే సీటు! వేరే యూనిఫారం! హికరీ ట్రాక్ మీద ఇద్దరూ కలిసి రేసు గెలిచారు కూడా! తర్వాత రాలీ ఊరి రేసులో ఏమైందంటే, కారు అడుగున టైరు చూసుకోవడానికి చిన్న మూత ఉంటుంది. రేసు మధ్యలో కోతి ఆ మూత లాగేసింది! రాయి ఎగిరి తగిలింది! కోతి డ్రైవరు మీదకు దూకేసింది! పాపం ఫ్లాక్, కారు ఆపి కోతిని దింపి, మూడో స్థానంతో సరిపెట్టుకున్నాడు. మొత్తం 8 రేసులు చేసింది ఆ కోతి! ఆ కారు చేయాలనుకుంటే ఒక్క మాట. పెట్టెలో కోతి ఉంటుందని ఆశపడకండి! అడుగున్నర పైన ఉండే కోతి 1/25లో 2 సెంటీమీటర్లు. మీరే చేసుకోవాలి!

1952లో నాస్కార్ పెద్ద రేసులు 34. హార్నెట్ ఎన్ని గెలిచిందో చెప్పుకోండి. 27! మిగతా కంపెనీలన్నీ కలిసి ఏడు పంచుకున్నాయి! మోబియస్ కంపెనీ ఈ కారుకు 1/25 కిట్ తెచ్చింది. కొత్తవాళ్లు నన్నడిగితే దీనితోనే మొదలుపెట్టమంటాను. గుండ్రటి ఒళ్లు, తక్కువ స్టిక్కర్లు!

61 గంటలు! ఏమిటి 61 గంటలు? 1959లో మొదటి డేటోనా 500 రేసు ఎవరు గెలిచారో తేల్చడానికి పట్టిన టైము! గీత దగ్గరికి కార్లు పక్కపక్కనే వచ్చేశాయి. ముందు జానీ బోషాంప్ అన్నారు. ఫొటోలు, ఫిల్ములు తిరగేశారు. చివరికి లీ పెట్టీ అన్నారు! ఈ రేసు చేయాలంటే ఒక కిట్ చాలదు. రెండు కొనాల్సిందే!

స్మోకీ యూనిక్ పేరు విన్నారా? మెకానిక్కుల్లో మాయల ఫకీరు! పెట్రోలు ట్యాంకు ఎంత ఉండాలో రూల్సులో ఉంది. పైపు ఎంత ఉండాలో లేదు! ఇంకేం? 11 అడుగుల పొడవు, 2 అంగుళాల లావు పైపు చుట్టేశాడు! అందులో 5 గ్యాలన్లు పట్టేదని కథలు కథలుగా చెబుతారు. లెక్క వేసి చూడండి. రెండు గ్యాలన్లకు కూడా తక్కువే! అయినా 6 లీటర్ల పైన దాచడం చిన్న సంగతా? ఇంకో పుకారుంది. ఆయన 1967 షెవెల్ కారే అసలు సైజులో 7/8 వంతట! అసలు కారే స్కేల్ మోడల్! ఉత్త పుకారే లెండి. కానీ ఎంత ముచ్చటైన పుకారు!

1970 మార్చి 24న టల్లడీగా ట్రాక్ మీద బడ్డీ బేకర్ గంటకు 200 మైళ్లు దాటేశాడు! అంటే 322 కిలోమీటర్లు! కారు డాడ్జ్ చార్జర్ డేటోనా. ముందు కోసు ముక్కు, వెనక డిక్కీ మీద ఆకాశానికి లేచిన రెక్క! ఆ వేగాన్నీ 25తో భాగించండి. గంటకు 13 కిలోమీటర్లు కూడా రాదు. సైకిలు వేగం! దాని చెల్లెలే ప్లిమత్ సూపర్‌బర్డ్. డ్రైవరు రిచర్డ్ పెట్టీ నడిపిన 43 నంబరు నీలం కారు. కిట్ కొనేముందు మీ షోకేసు అర కొలుచుకోండి. 1/25లో కూడా ఇది 22 సెంటీమీటర్ల పైనే!

పాత కిట్ దొరికిందా? స్టిక్కర్లు పసుపెక్కిపోయాయా? పారేయకండి! కిటికీ అద్దానికి లోపలివైపు టేపుతో అంటించి, కొన్నాళ్లు ఎండ తగలనివ్వండి. పసుపు విరిగిపోతుంది! వేసవిలో 40 డిగ్రీలు దాటే మన దుత్తలూరు ఎండకు ఇంతకంటే మంచి పని ఏముంది! పూర్తయిన కారును మాత్రం ఆ కిటికీలో పెట్టొద్దు. రంగు వెలిసిపోతుంది!

ఈ కార్లకు వాడే జిగురు నిజానికి అతికించదు! కరిగిస్తుంది! రెండు ప్లాస్టిక్ అంచులూ కరిగి ఒకటే ముక్కగా గట్టిపడతాయి. 2 ముక్కలు 1 అయ్యాక విడదీయడం ఎవరి వల్లా కాదు! అందుకే ముందు జిగురు లేకుండా పెట్టి చూసుకోండి. అద్దాల దగ్గర ఫెవిక్విక్ లాంటిది వాడారో, ఆవిరి పట్టి తెల్లగా మసకబారతాయి. జాగ్రత్త!

అందరూ కుదిస్తుంటే మన హైదరాబాదీ ఒకాయన పెంచేశారు! సుధా కార్స్ మ్యూజియం సుధాకర్. 2005 జూలై 1న మూడు చక్రాల సైకిలు తొక్కి చూపించారు. ఎత్తెంతో తెలుసా? 41 అడుగుల 7 అంగుళాలు! గిన్నిస్ రికార్డు! ఒక్కో చక్రమే 17 అడుగులు!

ఇక మన పక్క సంగతి. నెల్లూరు నుంచి మద్రాసు వెళ్లే దారిలోనే షోలవరం. రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి విమానాల రన్‌వే! దాని మీద అంబాసిడర్లు, ఫియట్లు రేసుల్లో పరుగులు తీశాయి! నడిపించింది 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్. పెళ్లివారిని దింపొచ్చే అంబాసిడర్, రేసులో! ఇంతకంటే అసలైన స్టాక్ కారు ఉంటుందా? నాకైతే అమెరికా కిట్లన్నిటికంటే ఇదే చేయాలనుంది. ప్లాస్టిక్ అక్కర్లేదు. ఉదయగిరిలో చెక్క స్పూన్లు చెక్కేవాళ్లు నర్ది చెక్కను వెన్నలా మలుస్తారు. కొలతలు రాసుకోండి! అంబాసిడర్ పొడవు 4,325 మిల్లీమీటర్లు. 1/24కు 18 సెంటీమీటర్ల పొడవు, 7 వెడల్పు, 7 ఎత్తు దిమ్మె చాలు!