క్రియ నామమైనప్పుడు

పూర్వపు వరంగల్లు జిల్లాలోని పాలంపేటలో గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు శివాలయం కట్టించాడు. అక్కడి 1213 నాటి శాసనం ఈ సంగతి చెప్తున్నది. నేడు దానినే రామప్ప గుడి అంటున్నారు. దీనినే కొన్ని పాఠాల ధోరణిలో రాస్తే ఇట్లా ఉంటుంది: "పాలంపేట యందు 1213లో దేవాలయ నిర్మాణము జరిగినది." వ్యాకరణ దోషం లేదు. కాని కట్టించినవాడు మాయమైనాడు. "కట్టించు" అనే క్రియ "నిర్మాణము" అనే నామమైంది. ఆ నామాన్ని నిలబెట్టటానికి "జరుగు" అనే మరొక క్రియను అరువు తెచ్చుకోవలసి వచ్చింది. జాతర జరుగుతుంది, పెండ్లి జరుగుతుంది. గుడి దానంతట అది జరగదు గదా!

క్రియను నామంగా మార్చే సౌకర్యం తెలుగులో మొదటినుండీ ఉన్నది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో కృదంతాలకు ఒక పరిచ్ఛేదం, తద్ధితాలకు ఒక పరిచ్ఛేదం ఉన్నవి. కోయు నుండి కోత, నమ్ము నుండి నమ్మకం, కలియు నుండి కలయిక వచ్చినవి. విశేషణాలూ అంతే: తెల్లనిది తెలుపు, చల్లనిది చల్లదనం. వరికోత అనని రైతు ఉండడు. కాబట్టి నామం వాడటమే తప్పనే వాదం నిలువదు.

చిక్కు మరొక చోట ఉన్నది. చెరువు కింది ఆయకట్టు రైతులకు ఇట్లాంటి ప్రకటన వచ్చిందనుకొందాం: "నీటి విడుదలలో ఆలస్యము సంభవించుటకు అవకాశము కలదు." తూము ఎవరు తెరుస్తారు? ఎన్నడు తెరుస్తారు? "సోమవారం తెరవవలసిన తూమును గురువారం తెరుస్తాము" అని రాయాలంటే రాసేవారికి ఆ రెండు రోజులూ తెలిసి ఉండాలి. నారు పోసుకొన్నవానికి కావలసింది ఆ మూడు రోజుల లెక్కే. "తెరుస్తాము" అన్న ఒక్క మాటలో పని, కాలం, చేసేవారు మూడూ ఉన్నవి. "విడుదల"లో పని ఒక్కటే మిగిలింది.

శాస్త్ర పాఠంలో మాత్రం నామం లేనిదే పని సాగదు. అయితే అది రావలసిన సమయం ఒకటున్నది. "మట్టికుండ గోడలోని సన్నని రంధ్రాల గుండా నీరు బయటికి ఊరుతుంది, ఆవిరవుతుంది. ఆవిరయ్యేటప్పుడు కుండనుండి వేడిని తీసుకొంటుంది. అందువల్ల లోపలి నీరు చల్లబడుతుంది." ఇంతవరకు క్రియలతో చెప్పి, నీరు ఇట్లా ఆవిరికావటాన్ని బాష్పీభవనం అంటారని చెప్తే ఆ పేరు మూటవలె పనిచేస్తుంది. "గాలిలో తేమ ఎక్కువైతే బాష్పీభవనం మందగిస్తుంది" అని సులువుగా ముందుకు పోవచ్చును. పేరే ముందు వస్తే విద్యార్థి దానిని కంఠస్థం చేస్తాడు. వేడి ఎక్కడికి పోయిందని అడగడు.

రామప్ప శిఖరపు ఇటుకలు నీటిలో తేలుతవని అందరూ అంటారు. "ఇటుకల తేలికదనమే తేలుటకు కారణము" అని రాసిన విద్యార్థి తెలిసినమాటనే తిరిగి చెప్పాడు. "ఇటుక లోపల గాలి నిండిన రంధ్రాలున్నవి, అందువల్ల అంతే పరిమాణం గల నీటికన్న అది తక్కువ తూగుతుంది" అని రాసినవాడు తేలటమెట్లాగో చెప్పాడు.