రికార్డుల కొలువు: సర్కారు జీతమా, కంపెనీ జీతమా?

లైబ్రరీ సైన్సో, లానో, కామర్సో చదివి అమెరికా వచ్చాక, ఆ చదువు ఇక్కడ ఎందుకూ కొరగాదని సరిపెట్టుకున్నవాళ్లు మన సంఘంలో కొందరైనా ఉంటారు. వాళ్లకు అతికే ఉద్యోగం ఒకటుంది, రికార్డ్స్ మేనేజ్‌మెంట్. ఏ కాగితం, ఏ ఈమెయిలు ఎన్నేళ్లు దాచాలి, ఎప్పుడు తీసేయాలి, కోర్టు అడిగితే ఎక్కణ్నుంచి తెచ్చివ్వాలి అన్నది చూసుకునే పని. జీతం సర్కారులో ఎక్కువా, కంపెనీలోనా అంటే, ఏ స్థాయి ఉద్యోగమన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

ఫెడరల్ ప్రభుత్వంలో ఈ ఉద్యోగాలది 0308 సిరీస్. జీతాలు జనరల్ షెడ్యూలు (జీఎస్) ప్రకారం: 15 గ్రేడ్లు, ఒక్కో గ్రేడులో 10 స్టెప్పులు. మన దగ్గర ఊరిని బట్టి హెచ్‌ఆర్‌ఏ మారినట్టే, ఇక్కడ బేసిక్ మీద లొకాలిటీ పే మారుతుంది. 2024లో జీఎస్-12 మొదటి స్టెప్పు బేసిక్ ఏడాదికి 74,441 డాలర్లు. వాషింగ్టన్ ప్రాంతంలో దానికి 33.26 శాతం కలిసి 99,200 అయింది. సొంత రేటు లేని ఊళ్లలో, వాటన్నిటికీ ఉమ్మడిగా ఇచ్చే లొకాలిటీ పే కలిసి 86,962 దగ్గరే ఆగింది. అదే ఏడాది వాషింగ్టన్‌లో జీఎస్-9 జీతం 68,405తో మొదలైంది. ఇంక్రిమెంట్లు మాత్రం నత్తనడకే. మామూలుగా మొదటి స్టెప్పు నుంచి పదోదాకా చేరడానికి 18 ఏళ్లు పడుతుంది.

కంపెనీలకు ఇలాంటి ఉమ్మడి స్కేలు లేదు. పెట్టెలు సర్ది, స్కానింగు చేసే కాంట్రాక్టు పనులకు ఎక్కువగా గంటల లెక్కనే ఇస్తారు. ఆ స్థాయిలో సర్కారు కొలువే మేలని నా అభిప్రాయం. పైస్థాయికి వెళ్తే లెక్క తిరగబడుతుంది. బ్యాంకులు, మందుల కంపెనీలు, చమురు సంస్థలు ఇదే పనిని ఇన్ఫర్మేషన్ గవర్నెన్స్ పేరుతో లీగల్ విభాగం పక్కన కూర్చోబెట్టి, జీతం పెంచుతాయి. ప్రేమతో కాదు, భయంతో. ఎన్రాన్ కంపెనీ కాగితాలను దాని ఆడిటరు ఆర్థర్ ఆండర్సన్ సంస్థ చింపించిన గొడవ తర్వాత, 2002 నాటి సార్బేన్స్-ఆక్స్‌లీ చట్టం దర్యాప్తును అడ్డుకోవడానికి రికార్డులు నాశనం చేసినవాళ్లకు 20 ఏళ్ల దాకా జైలు పెట్టింది. ఉద్యోగుల సొంత ఫోన్లలోని వ్యాపార మెసేజీలు భద్రపరచలేదని 2022 సెప్టెంబరులో వాల్‌స్ట్రీట్ సంస్థలపై షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్ఈసీ వేసిన జరిమానా 110 కోట్ల డాలర్లు దాటింది. అలాంటిది నెత్తిన పడకుండా చూసే మనిషికి ఇంకో ముప్పై వేలు ఇవ్వడం బ్యాంకుకు ఒక లెక్కా?

అలాగని జీతం అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం. కాంగ్రెషనల్ బడ్జెట్ ఆఫీసు 2022 లెక్కలతో 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, బ్యాచిలర్స్ డిగ్రీ ఉన్న ఫెడరల్ ఉద్యోగి జీతం సాటి ప్రైవేటు ఉద్యోగి కంటే సగటున 10 శాతం తక్కువ. పెన్షనూ ఆరోగ్య బీమా వగైరా కలిపితే 5 శాతం ఎక్కువ! డాక్టరేటు, ప్రొఫెషనల్ డిగ్రీలవాళ్లకు మాత్రం అన్నీ కలిపినా 22 శాతం తక్కువే. ఇది రికార్డుల ఉద్యోగాలకే పరిమితమైన లెక్క కాదు గానీ, దిశ తెలుస్తుంది. పెన్షన్ ఊరికే రాదు. 2014 నుంచి కొత్తగా చేరినవాళ్ల జీతంలో 4.4 శాతం దానికి పోతుంది, కనీసం ఐదేళ్లు పనిచేయాలి కూడా.

ఇక భద్రత. 2018-19 ప్రభుత్వ షట్‌డౌన్‌లో 35 రోజులు జీతాలు ఆగిన శాఖలున్నాయి. 2025లో ప్రొబేషన్‌లో ఉన్న ఉద్యోగులను వేల సంఖ్యలో తొలగించారు. సర్కారు కొలువుకు ఢోకా లేదన్న మాటను ఇప్పుడు కొంత తగ్గించే నమ్మాలి.

మనవాళ్లలో చాలామందికి అసలు అడ్డంకి ఇంకోటి. ఫెడరల్ కొలువులకు సాధారణంగా పౌరసత్వం కావాలి. గ్రీన్‌కార్డు, హెచ్-4 ఈఏడీ మీద ఉన్నవాళ్లు కంపెనీలతోపాటు రాష్ట్ర విశ్వవిద్యాలయాలు, కౌంటీలు కూడా చూడాలి. నిబంధనలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. కొలరాడో, కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటి రాష్ట్రాల్లో ప్రైవేటు ప్రకటనల్లోనూ జీతం ఎంత నుంచి ఎంతవరకో చెప్పాలని చట్టం ఉంది. ఆ ప్రకటనలు ముందు చదవండి. వెతికేటప్పుడు రికార్డ్స్ మేనేజర్ దగ్గరే ఆగకుండా ఇన్ఫర్మేషన్ గవర్నెన్స్, డాక్యుమెంట్ కంట్రోల్, ఈ-డిస్కవరీ పేర్లు కూడా కొట్టి చూడండి.