మనల్ని మనం పిలుచుకునే పేరు

చాలా ఏళ్ళ క్రితం మా హిఫ్జ్ తరగతిలో పన్నెండేళ్ళ పిల్లవాడొకడు చేరాడు. తోటి విద్యార్థులు రోజుకొక పేజీ కంఠస్థం చేస్తూండగా, అతడికి ఐదు పంక్తులు పట్టుబడడమే కష్టంగా ఉండేది. ఒకనాడు సబఖ్ అప్పజెపుతూ ఒకే ఆయతు వద్ద మూడోసారి తడబడ్డాడు. మేము విసిగిపోయి "కుంద్‌జెహన్" అన్నాము. మొద్దుబుర్ర అని దాని అర్థం. తరగతి అంతా నవ్వింది. ఆ మాటను మేము మరచిపోయాము. పిల్లలు మరువలేదు. నెల తిరిగేసరికి అదే అతడి పేరైపోయింది.

కొన్నాళ్ళకు మదరసాకు వచ్చిన అతిథి ఒకరు పిల్లలందరినీ పలకరిస్తూ అతడి వద్ద ఆగి, "బాబూ, నీకెంతవరకు వచ్చింది?" అని అడిగారు. పిల్లవాడు తలవంచుకొని, "నాకేమీ రాదు హజరత్, నేను కుంద్‌జెహన్‌ని" అన్నాడు. అప్పటికి అతడికి రెండు పారాలు తప్పు లేకుండా వచ్చు. మేము అక్కడే నిలబడి ఉన్నాము. ఆ రెండు పారాలు ఆ బిడ్డ కంటికే ఆనకుండా చేసినది మా నాలుకేనని ఆ క్షణాన తెలిసింది.

పాఠకుల ముందు ఈ తప్పును ఒప్పుకోవడానికి కారణముంది. ఇటువంటిది జరగని ఇల్లు అరుదు. "నేను లెక్కల్లో సున్నా", "నాది ముక్కోపం, పుట్టుకతో వచ్చింది", "ఫజ్ర్‌కు లేవడం నా వల్ల కాదు", "మా వంశానికి చదువబ్బదు" అనే మాటలు మనం నిత్యం వింటూనే ఉంటాము. పలికేవారు దానిని నిజాయితీ అనుకుంటారు. కాని ఆ మాట లోలోపల చేసే పని వేరు. లెక్కల్లో సున్నానని నమ్మిన పిల్లవాడు కష్టమైన లెక్క ఎదురు కాగానే పెన్సిలు పక్కన పెడతాడు. సాధన చేయడు గనుక తప్పుతాడు. తప్పాడు గనుక తన నమ్మకమే నిజమనుకుంటాడు. ఈ విధంగా మనిషి తన గురించి ఏర్పరచుకున్న భావన అతడి ఆచరణను నడిపిస్తుంది, ఆ ఆచరణ తిరిగి ఆ భావననే బలపరుస్తుంది.

తాతగారి పేరు

మదీనాకు చెందిన ప్రసిద్ధ ధర్మశాస్త్రవేత్త, తాబయీ అయిన సయీద్ బిన్ ముసయ్యిబ్ (రహ్మ) తన తాతగారి సంగతి ఒకటి చెప్పారు. అది సహీహ్ బుఖారీలో నమోదై ఉంది. తాతగారి పేరు హజ్న్. గట్టిబారిన, ఎగుడుదిగుడైన నేల అని ఆ పదానికి అర్థం. ఆయన దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చినప్పుడు, ప్రవక్త (స) పేరు అడిగి తెలుసుకొని, దానికి బదులుగా సహల్ అనే పేరు పెట్టారు. సహల్ అంటే నడకకు అనువైన చదును నేల. కాని ఆయన తండ్రి పెట్టిన పేరును మార్చుకోనన్నారు. ఆనాటి నుండి ఆ కరకుదనం తమ కుటుంబంలో నిలిచిపోయిందని మనుమడు చెప్పుకున్నారు.

ఆ పెద్దమనిషిని ఆపినది తండ్రి మీది అభిమానమే కావచ్చు. మన స్థితి కూడా అంతకంటే భిన్నం కాదు. మనల్ని మనం పిలుచుకునే పేర్లలో అధికభాగం ఇతరులు తగిలించినవే. విసిగిన తండ్రి, పక్కింటి పిల్లలతో పోల్చే మేనత్త, మాబోటి ఉపాధ్యాయుడు ఏనాడో అన్న మాటను మనం వారసత్వపు ఆస్తిలా దాచుకుంటాము. పుట్టుకతో వచ్చినది కాదు గనుక దానిని వదిలించుకోవడమూ సాధ్యమే. మార్పు మనిషి అంతరంగం నుండి మొదలు కావాలన్న సత్యాన్ని దివ్య ఖుర్‌ఆన్ అర్ రఅద్ సూరా 11వ ఆయతులో మనకు గుర్తుచేస్తున్నది.

తప్పు వేరు, మనిషి వేరు

దైవప్రవక్త (స) కాలంలో మద్యం సేవించి శిక్షకు గురైన వ్యక్తి ఒకరుండేవారు. అతడిని మళ్ళీ అదే నేరంపై తీసుకువచ్చినప్పుడు, అక్కడున్న వారిలో ఒకరు శపించారు. ప్రవక్త (స) వెంటనే వారించి, అతడికి అల్లాహ్ పట్ల, ఆయన ప్రవక్త పట్ల ప్రేమ ఉన్నదని తెలియజేశారు. శిక్ష మాత్రం తప్పలేదు. తప్పును తప్పనే అన్నారు గాని, దానిని ఆ మనిషికి శాశ్వతమైన ముద్రగా వేయనివ్వలేదు.

ఇతరులను చెడ్డ పేర్లతో పిలవడాన్ని అల్ హుజురాత్ సూరా 11వ ఆయతు నిషేధిస్తున్నదని మనకు తెలుసు. తన గురించి తాను "నా మనసు నీచమైపోయింది" అనే ధోరణిలో మాట్లాడడాన్ని కూడా ప్రవక్త (స) ఇష్టపడలేదని, దానికి బదులు మృదువైన పదాన్ని సూచించారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. కొందరు ఆత్మనిందను వినయమని పొరబడుతుంటారు. "నాకు తెలియదు, నేర్చుకుంటాను" అనేది వినయం. "నేను నేర్చుకోలేను" అనడం అల్లాహ్ అనుగ్రహించిన శక్తిని లేదనడమే.

పొగడ్త విషయంలోనూ జాగ్రత్త అవసరం. క్లాడియా ముల్లర్, కారల్ డ్వెక్ అనే అమెరికా పరిశోధకులు 1998లో ప్రచురించిన అధ్యయనం ఐదో తరగతి పిల్లలపై జరిగింది. తెలివైనవారని మెప్పు పొందిన పిల్లలు ఆ తరువాత కష్టమైన పనికి వెనుకాడారు. ఓటమి ఎదురైతే త్వరగా డీలాపడ్డారు. శ్రమించారని మెప్పు పొందిన పిల్లలు మాత్రం కష్టమైన దానినే కోరుకున్నారు. "తెలివైనవాడు" అన్న పేరును కాపాడుకోవడం కూడా పిల్లవాడికి బరువే.

మార్చుకోవడం ఎలా?

మొదట మన మాటలను మనమే వినాలి. ఒక వారం పాటు చిన్న పుస్తకం దగ్గర ఉంచుకొని, "నేను ఇంతే", "నా వల్ల కాదు" అని ఎప్పుడెప్పుడు అంటున్నామో రాసుకోవాలి. ప్రతి మాట ఎదుటా, దానిని మొదట ఎవరు అన్నారో గుర్తు చేసుకోవాలి.

రెండవది, ఆ పేరును పనిగా మార్చి చెప్పుకోవాలి. "నాది ముక్కోపం" అనేదాని స్థానంలో "నిన్న రాత్రి అన్నాల వేళ పిల్లల మీద అరిచాను" అనాలి. పుట్టుకకు తౌబా ఉండదు. చేసిన పనికి ఉంటుంది. క్షమాపణ అడగవచ్చు, ఈ రాత్రికి జాగ్రత్త పడవచ్చు.

మూడవది, కొత్త పేరుకు తగిన చిన్న పనిని ప్రతిదినం చేయాలి. 1111లో పరమపదించిన ఇమామ్ గజాలీ (రహ్మ) తమ 'ఇహ్యా ఉలూమిద్దీన్'లో లేఖకుడి ఉదాహరణ చెప్పారు. చక్కని దస్తూరి కోరేవాడు మొదట నేర్పరి రాతను చూస్తూ బలవంతాన అనుకరిస్తాడు. రాయగా రాయగా అదే అతడి సహజమైన రాతవుతుంది. సద్గుణాలూ అంతేనని ఆయన వివరించారు. స్వల్పమైనా నిలకడగా చేసే ఆచరణే అల్లాహ్‌కు ప్రియమైనదన్న ప్రవక్త (స) బోధన కూడా మనకు ఇదే నేర్పుతున్నది. ఫజ్ర్‌కు లేవలేనని నమ్మినవారు ముందుగా ఇషా తరువాత ఫోన్‌ను మరో గదిలో పెట్టి పడుకోవడంతో మొదలు పెట్టవచ్చు.

నాల్గవది, చుట్టూ ఉన్న వాతావరణం. తొంభైతొమ్మిది హత్యలు చేసినవాడి హదీసు మనమందరమూ విన్నదే. నీకిక తౌబా లేదన్న సన్యాసిని కూడా అతడు చంపివేశాడు. తౌబాకు ఎవరు అడ్డని చెప్పిన పండితుడు అంతటితో ఆగక, ఆ ఊరు విడిచి సజ్జనులున్న ఊరికి వెళ్ళమన్నాడు. పాత పేరుతోనే పిలిచేవారి నడుమ కొత్త మనిషిగా నిలవడం కష్టమని ఆ పండితుడికి తెలుసు. మన పిల్లలు ఇల్లు విడిచి పోలేరు. కనుక ఇల్లే మారాలి.

ఆ పిల్లవాడి సంగతికి వద్దాము. మరునాడు తరగతి అందరి ముందు మేము అతడిని క్షమాపణ కోరాము. ఇకపై ఆ మాట ఎవరూ అనరాదన్నాము. అతడు మమ్మల్ని నమ్మలేదు. సంవత్సరాల తరబడి విన్న మాట ఒక్క రోజులో పోదు. అతడి తల్లిని పిలిపిస్తే, ఆమె తలపై కొంగు సర్దుకుంటూ, "ఇంట్లో మేమూ మొద్దోడా అనే పిలుస్తాం హజరత్ గారూ" అని కన్నీరు పెట్టుకున్నారు. ఇద్దరమూ ఆ మాట మానుకున్నాము. అతడికొక నోటుపుస్తకం ఇచ్చి, తప్పు లేకుండా అప్పజెప్పిన పంక్తుల లెక్కను రోజూ సాయంత్రం తన చేతితోనే రాయమన్నాము. మూడు, ఐదు, నాలుగు, ఐదు... ఆ అంకెలను మాత్రం అతడు కాదనలేకపోయాడు.

అతడి వేగం పెద్దగా పెరగలేదు. తోటివారు మూడేళ్ళలో ముగించిన హిఫ్జ్ అతడికి ఆరేళ్ళు పట్టింది. కాని ముగించాడు, అల్‌హందులిల్లాహ్. ఇప్పుడు తన ఊరి మస్జిదులో పసిపిల్లలకు ఖుర్‌ఆన్ నేర్పుతున్నాడు. నిరుడు మేము వెళ్ళినప్పుడు ఒక చిన్నారి పాఠం మధ్యలో తడబడి, బిక్కమొహంతో అతడి వైపు చూసింది. అతడు ఆమె పుస్తకం తెరిచి, "నిన్న రెండు పంక్తులమ్మా, ఈ రోజు మూడు. ఇక్కడి నుండి మళ్ళీ చదువు" అన్నాడు.

మన నాలుకలను మన పిల్లల పట్ల, మన పట్ల కూడా న్యాయంగా ఉంచే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.