కొవ్వు పంపే సందేశాలు, కీళ్ళలో రగిలే వాపు

తెల్లవారి నిద్ర లేచేసరికి వేళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి. గ్లాసు పట్టుకోవడం, చొక్కాకు గుండీలు పెట్టుకోవడం కూడా కష్టమవుతుంది. కాసేపటికి సర్దుకుంటుందిలే అనుకుంటే, గంట గడిచినా ఆ పట్టు సడలదు. రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్ళవాతం, తరచుగా ఇలాగే మొదలవుతుంది. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ సొంత కీళ్ళపైనే దాడికి దిగడం ఈ వ్యాధి స్వభావం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2019 నాటికి ప్రపంచంలో ఒక కోటీ 80 లక్షల మంది దీనితో జీవిస్తున్నారు. వారిలో దాదాపు 70 శాతం మంది మహిళలే.

స్థూలకాయానికీ కీళ్ళ నొప్పులకూ సంబంధం ఉందని అందరికీ తెలుసు. బరువు మోయలేక మోకాళ్ళు అరిగిపోతాయన్నది వాడుకలో ఉన్న మాట. అది నిజమే కాని, పూర్తి నిజం కాదు. స్థూలకాయుల్లో చేతివేళ్ళ కీళ్ళ అరుగుదల కూడా ఎక్కువగానే కనిపిస్తుంది. వేళ్ళు శరీర భారాన్ని మోయవు కదా! మరి అవెందుకు దెబ్బతింటున్నాయి? ఇటువంటి ప్రశ్నలే పరిశోధకుల దృష్టిని కొవ్వు వైపు మళ్ళించాయి.

గాదె కాదు, గ్రంథి

మిగిలిన శక్తిని దాచుకునే గాదెగానే కొవ్వును వైద్యశాస్త్రం చాలాకాలం పరిగణించింది. 1993లో ఆ అభిప్రాయం మారడం మొదలైంది. వాపును రగిలించే టీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్ స్థూలకాయపు ఎలుకల కొవ్వులోనే తయారవుతున్నట్టు ఆ సంవత్సరం వెల్లడైంది. మరుసటి ఏడాది న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ హార్మోన్‌ను కనుగొంది. ‘సన్నని’ అనే అర్థం గల గ్రీకు మాట నుంచి ఆ పేరు వచ్చింది. తర్వాత అడిపోనెక్టిన్, రెసిస్టిన్ మొదలైనవి వెలుగులోకి వచ్చాయి. కొవ్వు కణజాలం విడుదల చేసే ఈ సందేశవాహకాలనే అడిపోకైన్లు అంటారు.

కీలులో జరిగేదేమిటి?

కడుపు నిండిందని మెదడుకు తెలియజేయడం లెప్టిన్ ప్రధాన విధి. కొవ్వు పెరిగేకొద్దీ రక్తంలో లెప్టిన్ కూడా పెరుగుతుంది. స్థూలకాయుల్లో మెదడు ఆ కబురును సరిగా అందుకోదు. అయితే రోగనిరోధక కణాలకు కూడా ఈ హార్మోన్‌ను గుర్తించే గ్రాహకాలు ఉన్నాయి. దాని ప్రభావంతో దాడి చేసే కణాలు చురుకెక్కుతాయి, వాటిని అదుపులో ఉంచే కణాలు వెనకబడతాయి. లెప్టిన్ తయారుకాని ఎలుకల్లో కృత్రిమంగా కీళ్ళవాపు కలిగించినప్పుడు దాని తీవ్రత తక్కువగా ఉన్నట్టు 2002లో ప్రచురితమైన ఒక అధ్యయనం చూపింది.

అడిపోనెక్టిన్ తీరు వేరు. గుండెకు, రక్తనాళాలకు ఇది మేలు చేసే హార్మోన్‌గా పేరు పొందింది. కీలు లోపలి పొరలో మాత్రం మృదులాస్థిని కరిగించే ఎంజైములను, వాపును పెంచే ఇంటర్‌ల్యూకిన్-6ను ఇది ప్రేరేపిస్తుంది. స్థూలకాయుల్లో అడిపోనెక్టిన్ తగ్గుతుంది. అందుకే కావచ్చు, లావుగా ఉన్న కీళ్ళవాత రోగుల ఎక్స్‌రేల్లో ఎముక నష్టం కొన్నిసార్లు తక్కువగా కనిపిస్తుంది. అంతమాత్రాన కొవ్వు రక్షణ కవచమని భావించరాదు. నొప్పి, అశక్తత వారిలోనే ఎక్కువ. మందులతో వ్యాధి పూర్తిగా అదుపులోకి వచ్చే అవకాశం కూడా వారిలో తక్కువేనని పలు అధ్యయనాలు చెబుతున్నాయి.

ఇంకొక చిక్కు రక్తపరీక్షల్లో ఎదురవుతుంది. వాపును సూచించే సి-రియాక్టివ్ ప్రొటీన్ కేవలం కొవ్వు వల్ల కూడా పెరగవచ్చు. కాబట్టి ఆ ఒక్క అంకెతోనే వ్యాధి తీవ్రతను నిర్ణయించడం తగదు.

సన్నగా ఉన్నా కొవ్వు

ఈ విషయం మన దేశానికి మరింత ముఖ్యం. పుణేకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ జాన్ యడ్‌కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఫొటోనే ప్రచురించారు. ఇద్దరి శరీర ద్రవ్యరాశి సూచిక ఒక్కటే, 22.3. కాని యడ్‌కిన్ శరీరంలో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ శరీరంలో 21.2 శాతం. తూకం చూపని కొవ్వు భారతీయుల పొట్ట చుట్టూ పేరుకుంటుందనడానికి ఇది నిదర్శనం. నడుము కొలత పురుషుల్లో 90, మహిళల్లో 80 సెంటీమీటర్లు దాటకుండా చూసుకోవాలని వైద్యులు చెప్పడం ఇందుకే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అధిక బరువు గల మహిళలు దేశంలో 24 శాతం కాగా, తెలంగాణలో 30 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం.

చేయదగినదేమిటి?

బరువు తగ్గడం మందులకు ప్రత్యామ్నాయం కాదు, వాటికి తోడు మాత్రమే. సన్నబడితే చాలునని మందులు మానేసినవారి కీళ్ళు వంకర తిరిగే ప్రమాదం ఉంది. వైద్యుల సలహా లేకుండా నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగడం మరీ ప్రమాదకరం. అవి నొప్పిని వెంటనే తగ్గించినా ఆకలిని, బరువును, రక్తంలో చక్కెరను పెంచుతాయి, ఎముకలను బలహీనపరుస్తాయి. చివరికి ఏ కొవ్వును తగ్గించుకోవాలో ఆ కొవ్వే పెరుగుతుంది.

రెండు చేతుల చిన్న కీళ్ళలో వాపు, ఉదయంపూట గంటకు పైగా బిగుతు ఆరు వారాలు దాటి కొనసాగితే రుమటాలజీ నిపుణులను సంప్రదించాలి. తొలి నెలల్లో మొదలైన చికిత్సే కీళ్ళను బాగా కాపాడుతుంది. నడక, మితాహారం, పొగాకుకు దూరంగా ఉండటం ఆ చికిత్సకు బలాన్నిస్తాయి. లావుగా ఉన్నవారి కీళ్ళనొప్పిని ‘బరువు వల్లే’ అని తేలికగా కొట్టిపారేయకూడదు. ఆ ఒక్క మాటతో విలువైన తొలి నెలలు చేజారిపోవచ్చు.