రాకెట్ నేర్పే బడి

శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్ళకు విమానం మోత కొత్త కాదు. 2008లో ఇక్కడ విమానాశ్రయం తెరిచారు. ఆకాశం చూసి పిల్లలు అడుగుతారు, "అమ్మా, మరి రాకెట్ ఎట్లా పోతుంది?" అని. ఏం చెప్తాం?

బుగ్గలో గాలి ఊదండి. మూతి కట్టకుండా వదలండి. గాలి వెనక్కి పోతుంది, బుగ్గ ముందుకు ఉరుకుతుంది. రాకెట్టూ అంతే. లోపల ఇంధనం మండుతుంది. వేడి గాలి కిందికి తన్నుకొస్తుంది. రాకెట్ పైకి లేస్తుంది. దీపావళికి కాల్చే తారాజువ్వ కూడా ఇట్లాగే లేస్తుంది.

ఇవన్నీ పిల్లలకు నేర్పాలని ఇస్రో సంస్థ 2019లో 'యువిక' మొదలుపెట్టింది. ఇది తొమ్మిదో తరగతి పిల్లలకు. వేసవిలో రెండు వారాలు తమ దగ్గరే ఉంచుకుంటారు. శాస్త్రవేత్తలే పాఠాలు చెప్తారు. ప్రయాణం, తిండి, బస ఖర్చులన్నీ ఇస్రోవే. పిల్లల వెంట వచ్చే ఒకరికి దారి ఖర్చులు కూడా ఇస్తారు. అమ్మ కూడా పోవచ్చు!

2022లో హైదరాబాద్‌లోని రిమోట్ సెన్సింగ్ కేంద్రంలోనూ ఇది జరిగింది. ఉపగ్రహాలు పంపే బొమ్మలను ఆ కేంద్రం షాద్‌నగర్‌లో అందుకుంటుంది. శంషాబాద్ దాటి బెంగళూరు రోడ్డున పోతే షాద్‌నగర్ వస్తుంది. పంట ఎట్లా ఉంది, వరద ఎంత దూరం వచ్చింది, ఆ బొమ్మల్లో తెలుస్తుంది.

ఎవరిని తీసుకుంటారు? ఎనిమిదో తరగతి మార్కులు చూస్తారు. పంచాయతీ ఊరి బడిలో చదివేవాళ్ళకు అదనంగా మార్కులు కలుపుతారు. మనది పల్లె బడి అని చిన్నబోనక్కరలేదు. కానీ "ఆడపిల్లకు ఎనిమిది చాల్లే" అని బడి మానిపిస్తే, దరఖాస్తు చేసే వీలే ఉండదు.

దరఖాస్తు ఇంటర్నెట్‌లో చేయాలి. మీ పిల్ల తొమ్మిదిలో ఉంటే, సంక్రాంతి దాటగానే బడికి పోయి టీచరమ్మను అడగండి.