నలభై రోజులు – మానుకోవలసినదేమిటి?

"మాల వేసుకుంటే మాకు నలభై ఒక్క రోజులు. మీకు నలభయ్యేనా? ఒకటి తక్కువ!" అని 2025లో మా క్లాసు మిత్రుడొకడు నన్ను ఆట పట్టించాడు. నిజానికి కేలెండరు ముందు పెట్టుకుంటే మావి నలభై ఆరు. ఆ ఏడు భస్మ బుధవారం మార్చి 5న, ఈస్టరు ఏప్రిల్ 20న వచ్చాయి. మధ్యలో ఆరు ఆదివారాలు. ఆదివారం ప్రభువు లేచిన దినం గనుక ఉపవాసానికి చెల్లదు. అవి తీసేస్తే నలభై. యేసు అరణ్యంలో ఉపవాసమున్న దినాల లెక్క అది.

ఈస్టరు తేదీ ఏటా మారడానికి చంద్రుడే కారణం. మార్చి 21న గాని, ఆ తర్వాత గాని వచ్చే పున్నమి దాటిన మొదటి ఆదివారం ఈస్టరు. అందువల్ల అది మార్చి 22కు ముందు రాదు, ఏప్రిల్ 25 దాటదు. ఈ సూత్రం మా నాన్న చదవలేదు. లెంటు వచ్చిందంటే దాళ్వా చేను పొట్ట మీదో ఈనిక మీదో ఉంటుందనీ, కాలువకు వంతులు పడతాయనీ మాత్రం ఆయనకు బాగా తెలుసు.

మా పెద్దాపురం చుట్టుపక్కల అన్ని చర్చిలదీ ఒకే పద్ధతి కాదు. కేథలిక్కులు దీన్ని తపస్సు కాలమంటారు. భస్మ బుధవారం, శుభ శుక్రవారం వారికి తప్పనిసరి ఉపవాసాలు. 1874లో కాకినాడ వచ్చిన కెనడా బాప్టిస్టుల సంప్రదాయంలో ఈ నియమం లేదు. 1842లో గుంటూరు చేరిన హేయర్ దొర వెంట వచ్చిన లూథరన్ మార్గం మాది. లెంటు ఉంది గాని, నిర్బంధం లేదు. ఉపవాసం మంచి బాహ్య శిక్షణే, విశ్వాసమే ముఖ్యం అని లూథర్ తన 1529 నాటి చిన్న ప్రశ్నోత్తరిలో చెప్పాడు. కాబట్టి ఏం మానాలో మనమే తేల్చుకోవాలి. చిక్కంతా అక్కడే!

మాంసం మానడం అందరికీ తెలిసిన దారి. మా ఇంట్లో కోడి కోసేదే ఆదివారం. ఆదివారం లెంటు లెక్కలోనే లేదు. ఇక మానిందేమిటి? కేథలిక్కులకు చేప తినడానికి అభ్యంతరం లేదు. గోదావరి జిల్లా వాళ్ళకు చేప వదిలిపెట్టి మాంసం మానమంటే అది తపస్సెలా అవుతుందో నాకిప్పటికీ అర్థం కాదు.

2024లో నేను టీ మానేశాను. రెండో రోజుకల్లా తల పగిలిపోయింది. అలసటను మెదడుకు తెలిపే ఎడినోసిన్ అనే పదార్థానికి కెఫీన్ అడ్డుపడుతుంది. రోజూ తాగేవాడు ఒక్కసారి ఆపితే ఆ అడ్డు తొలగి, తలలో రక్తనాళాలు వెడల్పవుతాయి. అదీ ఆ నొప్పి. ఇంట్లో గొప్పగా వివరించాను. నాన్న విని, "టీ మానితే నీ తలే కదరా నొప్పెట్టింది! ఎవడికి పనికొచ్చింది?" అన్నారు. అమ్మ ఏమీ అనలేదు. ఆవిడ ఆ నలభై రోజులూ ఎసట్లో పోసే బియ్యంలోంచి పూటకో పిడికెడు తీసి వేరే డబ్బాలో పోస్తుంది. ఈస్టరుకు అది చర్చి ద్వారా లేనివాళ్ళకు వెళుతుంది. తిండి తగ్గించి, తగ్గిన దాన్ని ఇంకొకరికి చేర్చడం మొదటినుంచీ ఈ ఆచారంలో ఉన్నదే. నా టీలో ఆ రెండోది లేదు.

మా చేను సామర్లకోట కాలువ కింద, పిల్లకాలువ మీద చివరినుంచి రెండోది. చిట్టచివర ఇంకొకాయనది ఎకరం. రాత్రి వంతు అయిపోగానే తూము మూసి ఆయనకు నీళ్ళు వదలాలి. 2024లో నాన్న నన్ను పంపిన రాత్రి అరగంట ఆలస్యంగా మూశాను. చీకట్లో ఎవరు చూస్తారు? టీ మానిన ఏడే అది చేశాను.

అందుకని 2025లో నేను మానుకున్నది ఆ అరగంట. టీ హాయిగా తాగాను. వంతు దాటి చుక్క నీరు తీసుకోకూడదని నియమం. చెప్పడానికి తేలికే. చేను నెర్రెలిచ్చి, వెన్ను బయటపడే వేళ తూము ముందు పార పట్టుకుని నిలబడితే తెలుస్తుంది. ఒక రాత్రి ఓడిపోయాను. నిద్ర పట్టేసిందని చెప్పొచ్చు గాని అబద్ధం. మెలకువగానే ఉండి పావుగంట ఆగి మూశాను.

తెల్లారి ఆయన గట్టు దగ్గరికి వెళ్ళి, "బాబాయ్, రాత్రి పావుగంట మీ నీళ్ళు మా చేలోకి పోయాయి" అన్నాను.

ఆయన పంచె ఎగగట్టి కలుపు తీస్తున్నాడు. తలెత్తలేదు.

"తెలుసు బాబూ. కిందటేడు అరగంట" అన్నాడు.