చల్లగాలి వేరు, మంచిగాలి వేరు



పత్తి తీతలు ముగిసి, కల్లాల్లో ఎండిన మిరపకాయలు గుంటూరు యార్డుకు చేరే నాటికి మన ప్రాంతంలో ఎండలు ముదురుతాయి. పెండ్లికైనా, ఆస్పత్రికైనా, సువార్త కూటములకైనా ఇప్పుడు కారు మాట్లాడుకొని వెళ్తున్నాం. పెద్దలు పని మీద లోపలికి వెళ్తారు. డ్రైవరు, ముసలివారు, నిద్రపోయిన పసిబిడ్డలు కారులోనే ఉండిపోతారు. అద్దాలు బిగించి, ఇంజను నడుపుతూ, ఏసీ వేసుకొని కునుకు తీస్తారు. ప్రమాదం అక్కడే పొంచి ఉంది.

ఏసీ గాలిని చల్లబరుస్తుంది గాని శుభ్రపరచదు. పెట్రోలు, డీజిలు కార్లలో ఏసీ నడవాలంటే ఇంజను నడవాలి. ఇంజను వదిలే పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తం ప్రాణవాయువు కంటే దీనిని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవారికి మెలకువ రాకుండానే స్పృహ తప్పుతుంది.

బండి పరుగెత్తేటప్పుడు పొగ వెనుకబడిపోతుంది. ఆగినప్పుడు చుట్టూ చేరుతుంది. తుప్పు పట్టిన సైలెన్సరు, అడుగున చిన్న రంధ్రం, చిరిగిన డిక్కీ రబ్బరు చాలు, అది లోపలికి రావడానికి. 2024 డిసెంబరులో కేరళలోని వడకర వద్ద రోడ్డు పక్కన ఆపిన క్యారవాన్‌లో ఇద్దరు మరణించారు. జనరేటరు పొగలోని ఈ వాయువే బండి అడుగున ఉన్న రంధ్రం గుండా లోపలికి చేరిందని నిపుణుల పరీక్షలో తేలింది.

ఇంజను ఆపితే భయం లేదా? అప్పుడు మరో ప్రమాదం. 2025 మే 18న విజయనగరం జిల్లా ద్వారపూడిలో ఆడుకుంటూ కారులోకి ఎక్కిన నలుగురు పిల్లలు తలుపులు పడిపోయి, ఊపిరాడక చనిపోయారు. ఎండలో ఆగిన కారు లోపలి వేడి గంటలో సుమారు 22 డిగ్రీలు పెరుగుతుందని 2005లో అమెరికాలో వెలువడిన పరిశోధన తెలిపింది. అందులో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే! అద్దం కాస్త దించినా పెద్ద తేడా ఉండదు. ఏసీ వేసి బిడ్డను వదిలి వెళ్లినా, ఇంజను ఆగిపోతే ఆ కారు పొయ్యి అవుతుంది.

కనుక ఈ జాగ్రత్తలు పాటించండి:

1. ఆగిన కారులో ఏసీ వేసుకొని నిద్రపోవద్దు. దిగి, చెట్టు నీడకో వసారాలోకో వెళ్లండి.

2. కొద్దిసేపు ఏసీ తప్పదనుకుంటే ఆరుబయట ఆపి, అద్దాలు కొంత దించి, మెలకువగా ఉండండి. పొగగొట్టం గోడకో, బస్తాల వరుసకో ఆనుకొని ఉండరాదు.

3. షెడ్డులో, గోడౌనులో తలుపులు తీసి ఉన్నా ఇంజను నడుపుతూ కూర్చోవద్దు.

4. ఎండుగడ్డి మీద, పత్తికట్టె మీద కారు ఆపవద్దు. కాలిన సైలెన్సరు వేడికి నిప్పు అంటుకోవచ్చు.

5. ఏటా మెకానిక్కుతో సైలెన్సరు, బండి అడుగు చూపించండి.

6. ఇంటి ముందు కారుకు ఎప్పుడూ తాళం వేయండి. తాళం చెవి పిల్లలకు అందనీయవద్దు. దిగేటప్పుడు వెనుక సీటు చూడండి.

కారులో కూర్చున్నవారికి తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్లుండడం కనబడితే ఎండదెబ్బ అని సరిపెట్టుకోవద్దు. వెంటనే ఇంజను ఆపి, తలుపులన్నీ తీసి, వారిని బయటి గాలిలోకి తీసుకురండి. 108కి ఫోన్ చేయండి. ఇంజను నడుస్తున్న కారులో ఉన్నారని వైద్యునికి తప్పక చెప్పండి. వారికి ప్రాణవాయువు పెట్టవలసి ఉంటుంది.

చివరిగా ఒక మాట. డ్రైవరు కారులోనే పడుకోవడానికి తరచుగా కారణం, అతణ్ణి లోపలికి రమ్మని ఎవరూ పిలవకపోవడమే. అతడూ ఒక ఇంటి బిడ్డే. అతని కోసమూ ఒక ఇల్లు ఎదురుచూస్తుంది. పెండ్లి పందిట్లోనైనా, మందిరంలోనైనా అతనికి ఒక కుర్చీ, ఒక ఫ్యాను, గ్లాసెడు మంచినీళ్లు చూపించడం మనకు భారమా? నిద్రపోయిన బిడ్డను భుజాన వేసుకుని, డ్రైవరును కూడా పిలుచుకుని లోపలికి వెళ్దాం.